పక్కవాడి టెలిగ్రాం

థర్డ్ ఇయర్ ల్యాబ్‌లో వైర్‌షార్క్ నేర్చుకున్న రాత్రే, హాస్టల్ వైఫైలో పక్కగది వాళ్ల ప్యాకెట్లు పట్టి చూశాను. అన్నీ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి, ఏమీ దొరకలేదు. (వాళ్లకి ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.) ఆ దురద ఎందుకు పుట్టిందా అని ఆలోచిస్తున్న రోజుల్లో తగిలిన మనిషి హెర్బర్ట్ యార్డ్లీ.

1889లో అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని వర్తింగ్టన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి దగ్గర టెలిగ్రాఫ్ నేర్చుకున్నాడు, ఊరి సెలూన్లలో పేకాట నేర్చుకున్నాడు. విదేశాంగ శాఖలో కోడ్ గుమాస్తాగా చేరి, నైట్ డ్యూటీలో తోచక సొంత ప్రభుత్వం కోడ్‌లే విప్పడం మొదలుపెట్టాడు. అధ్యక్షుడు విల్సన్‌కి వచ్చిన సందేశాన్ని రెండు గంటల్లోపే విప్పేశానని తర్వాత రాసుకున్నాడు. గొప్పలు చెప్పుకునే మనిషి, కాస్త తగ్గించుకుని చదవాలి.

మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక 1919లో న్యూయార్క్‌లో రహస్యంగా ఒక ఆఫీసు నడిపాడు. చట్టం ఒప్పుకోకపోయినా టెలిగ్రాఫ్ కంపెనీలు విదేశీ రాయబారుల తంతులు తెచ్చి ఇచ్చేవి. 1921లో వాషింగ్టన్‌లో యుద్ధనౌకల మీద బేరం జరిగింది. అమెరికాకి పది ఉంటే తనకి ఏడు కావాలని జపాన్ పట్టుబట్టింది. తప్పకపోతే ఆరుకి దిగొచ్చని టోక్యో తన ప్రతినిధులకి పంపిన తంతిని యార్డ్లీ బృందం చదివేసింది. ఇంకేముంది, అవతలివాడి ముక్కలు కనబడుతుంటే పేకాట ఎవడు ఓడతాడు? జపాన్ ఆరుకే సంతకం పెట్టింది. ఆయుధాలు తగ్గించిన మంచి ఒప్పందమే. కానీ దొంగచూపుతో వచ్చింది. నాకు ఇక్కడే ముడి పడింది, ఇంకా విడలేదు.

1929లో కొత్త విదేశాంగ మంత్రి స్టిమ్సన్‌కి ఇది పెద్దమనుషుల పని కాదనిపించి డబ్బు ఆపేశాడు, ఆఫీసు మూతపడింది. అదే స్టిమ్సన్ రెండో యుద్ధంలో యుద్ధమంత్రిగా, జపాన్ సందేశాలు విప్పే సైన్యానికి పెద్దగా ఉన్నాడు!

ఉద్యోగం పోయింది, పైగా మాంద్యం. డబ్బు కోసం యార్డ్లీ 1931లో గుట్టంతా పుస్తకంగా వేశాడు. జపాన్‌లో విపరీతంగా అమ్ముడైంది, వాళ్లు కోడ్‌లు మార్చుకున్నారు. ఆయన మీద కేసు పెట్టడానికి సరైన చట్టం లేదు. 1933లో ఆయన రెండో పుస్తకం రాతప్రతిని లాక్కుని, ఆ తర్వాత చట్టం చేశారు.

అప్పట్లో ఇంకో దేశం తంతి చదవకూడదనే అంతర్జాతీయ నియమం లేదు. 2015లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం సైబర్ ప్రవర్తనకి 11 సూత్రాలు రాసింది. శాంతికాలంలో పక్కదేశం కీలక వ్యవస్థల్ని దెబ్బతీయొద్దంది గానీ, గూఢచర్యం వద్దని ఎక్కడా అనలేదు. ఆ పదకొండూ స్వచ్ఛందమే.

తర్వాత యార్డ్లీ చైనాలో చియాంగ్ కైషేక్ కోసం జపాన్ కోడ్‌లు విప్పాడు, కొన్నాళ్లు కెనడాలో పనిచేశాడు. చివర్లో పేకాట మీద పుస్తకం రాస్తే అదీ బాగా అమ్ముడుపోయింది. 1958లో పోయాడు. గుట్టు విప్పాడని తిట్టిపోసిన ప్రభుత్వమే ఆర్లింగ్టన్‌లో సైనిక లాంఛనాలతో పూడ్చింది.