మందు మాన్పించిన ఒక్క ఫోన్ కాల్.. ఎవరీ బిల్ విల్సన్?

రేపట్నుంచి మందు ముట్టనని ఒట్టేసి, వారం తిరక్కుండానే మళ్లీ గ్లాసు పట్టేవాళ్లు మన చుట్టూ ఎందరో. నాగారంలో ఉన్నా, న్యూయార్క్‌లో ఉన్నా ఆ బాధ ఒక్కటే. అలా ఎన్నోసార్లు ఒట్టు తప్పిన ఓ అమెరికన్, చివరికి కోట్ల విలువైన ఒక మార్గాన్ని పైసా ఫీజు లేకుండా లోకానికి ఇచ్చి వెళ్లారు. ఆయనే బిల్ విల్సన్. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) వ్యవస్థాపకుల్లో ఒకరు.

బిల్ 1895 నవంబర్ 26న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, ఈస్ట్ డోర్సెట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. పదేళ్ల వయసు వచ్చేసరికి అమ్మానాన్నలు విడిపోయారు. అమ్మమ్మ, తాతయ్యల దగ్గరే పెరిగారు. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో సైన్యంలో చేరాక, ఓ విందులో తొలిసారి మందు రుచి చూశారు. నలుగురిలో మాట్లాడాలంటే బెరుకుపడే కుర్రాడికి ఆ గ్లాసు ధైర్యమిచ్చినట్టు అనిపించింది. అక్కడే మొదలైంది అసలు కథ.

1918 జనవరి 24న లోయిస్‌ను పెళ్లి చేసుకున్నారు. వాల్‌స్ట్రీట్‌లో షేర్ల వ్యాపారంలో బాగా సంపాదించారు. అయితే 1929లో మార్కెట్ కుప్పకూలడంతో ఉన్నదంతా పోయింది. తాగుడు మాత్రం పోలేదు. భార్య దుకాణంలో ఉద్యోగం చేసి ఇల్లు నెట్టుకొచ్చేది. న్యూయార్క్‌లోని టౌన్స్ హాస్పిటల్‌లో పదే పదే చేరడం, బయటికి రాగానే మళ్లీ తాగడం.. ఇదే వరస. ఇది గుణం చెడడం కాదు, ఒక జబ్బు అని అక్కడి డాక్టర్ సిల్క్‌వర్త్ చెప్పిన మాట మాత్రం ఆయన మనసులో నాటుకుంది.

1934 చివర్లో ఎబ్బీ థాచర్ అనే పాత మిత్రుడు ఇంటికొచ్చారు. ఒకప్పుడు ఆయనా బాగా తాగినవారే. అలాంటి మనిషి మందు వద్దనడం చూసి బిల్ ఆశ్చర్యపోయారు. ఆ డిసెంబర్‌లో చివరిసారిగా ఆస్పత్రిలో చేరారు. ఆ తర్వాత ఆయన చుక్క ముట్టలేదు.

అసలు పరీక్ష 1935 మేలో ఎదురైంది. వ్యాపార పనిమీద ఓహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌కు వెళ్తే, ఆ పని కాస్తా చెడిపోయింది. చేతిలో డబ్బు లేదు, ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. హోటల్ లాబీలో ఓ పక్క బార్, మరో పక్క టెలిఫోన్. అప్పటికి ఐదు నెలలుగా ఆయన ఎంతోమంది తాగుబోతులతో మాట్లాడారు. ఒక్కరూ మానలేదు. కానీ ఆ మాటల వల్ల తాను మాత్రం తాగకుండా ఉన్నానన్న సంగతి గుర్తొచ్చింది. వెంటనే బార్ వైపు కాకుండా ఫోన్ వైపు నడిచారు. చర్చిలకు ఫోన్లు చేసి, సాయం అవసరమైన తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

అలా పరిచయమైన వ్యక్తే డాక్టర్ బాబ్ స్మిత్. ఆయనో సర్జన్. పదిహేను నిమిషాలే కూర్చుంటానని వచ్చిన డాక్టర్, గంటల తరబడి ఉండిపోయారు. కారణం ఒక్కటే.. బిల్ నీతులు చెప్పలేదు, తన కథ చెప్పుకున్నారు. ఆ తర్వాత బాబ్ ఒకసారి జారినా, 1935 జూన్ 10న చివరి గ్లాసు తాగి ఆపేశారు. ఏఏ పుట్టినరోజుగా ఆ తేదీనే లెక్కిస్తారు.

1939లో ఏఏ పుస్తకం వచ్చింది. అదే ఏడాది బిల్ దంపతుల ఇల్లు అప్పుల్లో పోయింది. 1941లో ఓ ప్రముఖ పత్రికలో కథనం రావడంతో దేశమంతా ఏఏ పేరు మారుమోగింది. తాగేవాళ్ల కుటుంబాల కోసం లోయిస్ 1951లో అల్-అనాన్‌ను మొదలుపెట్టడంలో ముందు నిలిచారు. 1957 నుంచి మన దేశంలోనూ ఏఏ సమావేశాలు జరుగుతున్నాయి.

బిల్ మహాత్ముడేం కాదు. మందు మానాక కూడా ఏళ్ల తరబడి డిప్రెషన్‌తో పోరాడారు. సిగరెట్లు మానలేక ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. ఆఖరి రోజుల్లో విస్కీ అడిగారని, నర్సులు ఇవ్వలేదని జీవిత చరిత్రకారులు రాశారు. 36 ఏళ్లు ముట్టని మనిషికీ ఆ కోరిక చావలేదన్నమాట. అందుకే ఏఏలో జీవితాంతం మానేస్తానని ఒట్లుండవు, ఈ ఒక్కరోజు తాగకుంటే చాలంటారు. 1971 జనవరి 24న, సరిగ్గా పెళ్లిరోజే, బిల్ కన్నుమూశారు.

మరి మీకో, మీ ఇంట్లోవాళ్లకో ఈ మీటింగ్ కావాలంటే? హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఏఏ గ్రూపులు ఉన్నాయి. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో మీటింగ్ వివరాలు చూసుకోవచ్చు. ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. మొదటి రోజు మాట్లాడకుండా వింటూ కూర్చున్నా ఎవరూ ఏమనరు. తెలిసినవాళ్లు చూస్తారేమోనని మొహమాటపడే నాగారం వాసులు వేరే ఏరియా మీటింగ్‌కైనా వెళ్లొచ్చు. కుటుంబసభ్యులు కూడా రావాలంటే, అందరినీ రానిచ్చే ఓపెన్ మీటింగ్ ఎప్పుడో ముందే కనుక్కోండి.

ఒక్క జాగ్రత్త: రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నట్టుండి ఆపేస్తే వణుకు, ఫిట్స్ రావొచ్చు, ప్రాణాలకే ముప్పు. ముందు డాక్టర్‌ను కలవండి. సలహా కోసం జాతీయ టోల్‌ఫ్రీ నంబర్ 14446 ఉంది. ఆ రోజు హోటల్ లాబీలో బిల్ చేసిందీ అదే.. ఒక్క ఫోన్ కాల్.