శిశువుల గురువు మరియా మాంటిసోరి

మన తెలుగు పట్టణములలో మాంటిసోరి యను పేరును గుమ్మముపై వ్రాయించుకొన్న బడులు పెక్కు గలవు. అది యొక యూరి పేరని కొందరు పిల్లలును, ఒక రకపు ఇంగ్లీషు చదువు పేరని కొందరు తలిదండ్రులును తలచుచుండుట మేమెరుగుదుము. అది యొక స్త్రీ పేరు. ఆమె తన మొదటి శిశుపాఠశాలను ధనికుల బిడ్డల కొరకు తెరవలేదు. తెల్లవారగనే తలిదండ్రులు పనికి పోగా దిక్కులేక తిరుగుచుండిన కూలివారి బిడ్డల కొరకు తెరచెను. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల వారమగు మనకు ఈ సంగతి మిక్కిలి దగ్గరిది గనుక ఆమె చరిత్రమును ఈ సంచికలో కొంత విపులముగా వ్రాయుచున్నాము.

మరియా 1870 వ సంవత్సరము ఆగస్టు 31 వ తేదీన ఇటలీ దేశమున, ఆంకోనా రేవునకు చేరువనున్న కియరవల్లె అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్డె చదువునందు మక్కువగల యిల్లాలు. ఆమె వారికి ఒక్కతే బిడ్డ. రోము నగరమున పెరిగెను. చదువుకొన్న ఆడపిల్లకు ఉపాధ్యాయినీ పదవియే తగినదని ఆ కాలపువారి తలంపు. తండ్రి తలంపును అదియే. మరియా మాత్రము ఆ పని తనకు వలదని పట్టుబట్టి, మగపిల్లలు చదువు సాంకేతిక పాఠశాలలో చేరి, పిదప వైద్యవిద్య నభ్యసింప బూనెను. పురుషులయెదుట ఒక స్త్రీ శవమును కోసి పరీక్షించుట తగదని యెంచి, తక్కినవారందరు వెడలిపోయిన పిమ్మట ఆమె నొంటరిగా ఆ గదిలో పనిచేయనిచ్చిరట. చీకటి పడిన వేళ, శవముల నడుమ, ఒంటరిగా నొక యువతి! తలచుకొన్నను ఒడలు గగుర్పొడుచును. 1896 లో ఆమె పట్టము పొంది, ఆ దేశమున వైద్యులైన మొదటి కొలదిమంది స్త్రీలలో నొకతె యయ్యెను. ఉపాధ్యాయినిగా నుండనొల్లని యీ బాలికయే పిదప అన్ని ఖండములవారికి ఉపాధ్యాయిని యగుట చిత్రము.

వైద్యాలయపు పనిమీద ఆమె పిచ్చివారి ఆశ్రమములకు పోవలసివచ్చెను. బుద్ధిమాంద్యము గల పిల్లలను ఆ దినములలో పిచ్చివారితోడనే బంధించియుంచెడివారు. భోజనమైన పిమ్మట ఆ పిల్లలు నేలమీద ప్రాకుచు రొట్టెతునకలను ఏరుచుండిరి. కావలియున్న మనిషి దానిని తిండిపోతుతనమని యసహ్యించుకొనెను. మరియా చుట్టు పరికించి చూడగా ఆ గదిలో పిల్లల చేతికి అందదగిన వస్తువు మరి యొక్కటియును లేదు. వారు వెదకుచున్నది తిండిని గాదు, చేతులకు పనిని అని యామెకు తోచెను. ఆమె జీవితమును మలపిన తలంపు ఇదియే యని మా యభిప్రాయము. ఇతార్, సెగెన్ అను ఇరువురు ఫ్రెంచి వైద్యులు ఇట్టి పిల్లలకు నేర్పిన రీతులను ఆమె శోధించి చదివెను. సెగెను రచించిన పెద్ద గ్రంథమును తన చేతితో ఇటాలియను భాషలోనికి వ్రాసికొనెను. 1900 లో ఇట్టి పిల్లల ఉపాధ్యాయుల కొరకు రోములో నేర్పడిన పాఠశాలకు ఆమె యొక యధ్యక్షురాలు. అచ్చటి పిల్లలు కొందరు తక్కిన పిల్లలతో సమముగా పరీక్షలో తేరగా లోకులు మెచ్చుకొనిరి. ఆమెకు మాత్రము వేరొక చింత కలిగెను. మందబుద్ధులే యింత నేర్వగా, చురుకైన పిల్లలు ఇంతకంటె నేర్వకుండుటకు మన బడులు ఏమి చేయుచున్నవో యని!

ఇచ్చట నొక దుఃఖవృత్తాంతము చెప్పక తప్పదు. ఆ పాఠశాలలో తోడియధ్యక్షుడగు వైద్యునివలన ఆమెకు 1898 లో మారియో యను కుమారుడు కలిగెను. వారికి వివాహము జరుగలేదు. బిడ్డను రహస్యముగా పల్లెయందు పరుల యింట పెంచవలసివచ్చెను. లోకమందలి బిడ్డలనందరిని చేరదీసిన స్త్రీ తన బిడ్డ బాల్యమును దూరమునుండి చూడవలసినదయ్యెను. యౌవనారంభమున అతడు తల్లిని చేరి, ఆమె కడపటి దినమువరకు వెంటనుండి కుడిభుజమై నిలిచెను. ఈ విషయమున ఆమెను నిందింపను, సమర్థింపను మేము పూనుకొనము. ఆ వేదన ఆమె పనియందు లేదని మాత్రము నమ్మజాలము.

రోములో సాన్ లొరెంజో యను పేట పేదరికమునకును అల్లరికిని పేరుపడినది. ఒక గృహనిర్మాణసంఘము అచ్చటి పాడుబడిన మేడలను బాగుచేయించి కూలివారికి అద్దెకిచ్చెను. పెద్దలు పనికి పోగా పిల్లలు మెట్లమీదను నడవలలోను తిరుగుచు క్రొత్త గోడలను గీకి పాడుచేయసాగిరి. గోడలను మాటిమాటికి బాగుచేయించుటకంటె పిల్లలనందరిని ఒక గదిలో చేర్చి ఒక మనిషిని ఉంచుట చౌకయని సంఘమువారు లెక్కవేసిరి. లోకప్రసిద్ధమైన విద్యావిధానమునకు మూలము గోడసున్నపు లెక్కయని చదివినప్పుడు మాకు నవ్వు వచ్చెను. ఆ పని మాంటిసోరి చేతికి వచ్చెను. 1907 జనవరి 6 వ తేదీన, జ్ఞానులు బాలయేసును దర్శించిన పండుగనాడు, ఇంచుమించు ఏబదిమంది పిల్లలతో ఆ గది తెరువబడెను. దానికి శిశుగృహమని పేరు పెట్టిరి. బెదరు కన్నులతో, కొందరు ఏడ్చుచు, పిల్లలు లోనికి వచ్చిరి. వారిని చూచుకొనుటకు నియమింపబడిన యువతికి ఉపాధ్యాయశిక్షణ లేదు. అదియును మేలేయయ్యెను. శిక్షణ పొందిన మావంటివారమైనచో మొదటిదినముననే పాఠము చెప్పబూనియుందుము!

మాంటిసోరి ఆ గదిలో చేసిన పనిలో ముఖ్యమైనది చూచుట. ఒకనాడు మూడేండ్ల పిల్ల యొకతె దిమ్మెలోని గుంటలలో కొయ్య బిరడాలను పరిమాణము చొప్పున అమర్చుచుండెను. తక్కిన పిల్లలచేత పాటలు పాడించిరి. ఆమె కుర్చీని పట్టి బల్లమీదికి ఎత్తిరి. పిల్ల తల యెత్తలేదు. నలుబదిసారులకు పైగా ఆ పనియే చేసి, ఎవరును చెప్పకయే ముగించి, నిదుర లేచినదానివలె ప్రసన్నముగా చుట్టు చూచెను. చిన్నపిల్లలకు ఒకచోట మనసు నిలువదని మనమందరము అనుచుందుము. మనమిచ్చు పనిమీద నిలువదు గాబోలు! మరియొకనాడు ఉపాధ్యాయిని బీరువాకు తాళము వేయ మరచెను. ఆమె వచ్చులోపల పిల్లలు తమకు కావలసిన వస్తువులను తీసికొని పనిలో మునిగియుండిరి. ఉపాధ్యాయిని దొంగతనమనెను. మాంటిసోరికి మాత్రము పిల్లలు తమ పనిని తామే యెన్నుకొనగలరని తెలిసెను. నాటినుండి వస్తువులు పిల్లల చేతికందు పొట్టి బీరువాలలోనికి మారెను.

ఇంతలో తల్లులు వచ్చి తమ బిడ్డలకు వ్రాత నేర్పుమని వేడుకొనిరి. వారిలో పలువురు అక్షరము నెరుగనివారు. ఆరేండ్లు నిండకముందు వ్రాత వలదని ఆమె మొదట తలచియుండెను. కాని పేదతల్లుల కోరికను ఆమె త్రోసివేయలేదు. అక్షరములను వడ్రంగులు వాడు ఉప్పుకాగితమునుండి కత్తిరించి అట్టలమీద అంటించెను. పిల్లలు వాటిని వ్రేళ్ళతో తడవుచు శబ్దము పలుకసాగిరి. కొన్ని నెలలైన పిమ్మట, శీతకాలమున ఎండకాచిన యొకనాడు, డాబామీద నొక యైదేండ్ల బాలుడు పొగగొట్టపు బొమ్మను సుద్దముక్కతో గీచి, సంతోషము పట్టలేక దాని ప్రక్కన మాటలు వ్రాసెను. ఎవరును అతనికి వ్రాయుమని చెప్పియుండలేదు. అది చూచి తక్కినవారును గచ్చుమీద, తలుపులమీద వ్రాయ మొదలిడిరి.

చదువరులారా, ఇది మనకు బొత్తిగా క్రొత్తదియా? మన వీధిబడి పంతులును పిల్లవాని వ్రేలుపట్టి ఇసుకలో ఓనమాలు దిద్దించెను. వ్రేలు నేర్చినదానిని కన్ను మరువదని మన పెద్దలెరుగుదురు. మన పంతులు ప్రక్కన బెత్తము నుండెను. ఆమె గదిలో అది లేదు. పిల్ల తన యిష్టముతో వచ్చి తడివి తన యిష్టముతో పోవచ్చును. ఒక సెంటీమీటరు మొదలు పది సెంటీమీటర్ల వరకు గల పది కొయ్య ఘనములను ఒకదానిపై నొకటి పేర్చు ఆట ఆమె గదిలో ముఖ్యమైనది. మన ఆడపిల్లలు తంగేడు, గునుగు పూలను తాంబాళములో పెద్ద వలయముపై చిన్న వలయముగా బతుకమ్మను పేర్చుటలో ఆ లెక్క లేదా? వామనగుంటలలో చింతగింజలు పంచుచు కూడిక తీసివేతలు నేర్వని పిల్ల యుండునా? ఖరీదైన కొయ్యసామగ్రి లేనిదే ఈ విధానము సాగదనువారితో మేమేకీభవింపము. ఆ సామగ్రి విషయమున మాంటిసోరి తానే మిక్కిలి పట్టుదల చూపి, ఇతరులు మార్చుట కొప్పుకొనకుండుటయు నిజమే. అందువలన ఆమె బడి పలుచోట్ల ధనికుల సొత్తయ్యెను.

1909 లో ఆమె గ్రంథము వెలువడినది మొదలు కీర్తి త్వరగా ప్రాకెను. 1915 లో అమెరికాలోని సాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనమున అద్దపు గోడల తరగతిని కట్టి, పిల్లలు పనిచేయుచుండగా జనులకు చూపిరి. ఇటలీలో ముస్సోలిని మొదట ఆమెను ఆదరించెను, ఆమెయు ఆ యాదరము నంగీకరించెను. ఆ పొత్తు నిలువక, 1934 నాటికి ఆమె బడులు మూతపడెను. ఆమె స్వదేశమును విడిచి, స్పెయినునందు అంతర్యుద్ధము చెలరేగగా 1936 లో అచ్చటినుండియు బయలుదేరి హాలెండు చేరెను.

1931 లో గాంధీగారు లండనునందు ఆమెను కలిసికొని, ఆమె శిక్షణాలయమున ప్రసంగించుచు, ఇట్టి చదువు భాగ్యవంతుల పిల్లలకే గాక నిరుపేదల పిల్లలకును అందగలదన్న ఆశను వెల్లడించిరి. 1939 నవంబరులో దివ్యజ్ఞానసమాజమువారి పిలుపుమీద ఆమె మారియోతో మదరాసు చేరెను. నాటి మదరాసు మన ఆంధ్రజిల్లాలకును రాజధాని. జనగామ, మహబూబాబాదులు అప్పుడు నిజాము రాజ్యములో నుండెను. అడయారున తాటాకు పాకలలో సుమారు మూడువందల మంది ఉపాధ్యాయులు ఆమె పాఠములు వినిరి. ఆమె ఇటాలియను భాషలో చెప్పగా మారియో ఇంగ్లీషులో వినిపించెను. 1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగగా తల్లి కుమారులు శత్రుదేశీయులైరి. మారియోను నిర్బంధించిరి, ఆమెను అడయారు దాటరాదనిరి. ఆమె డెబ్బదియవ జన్మదినమున ప్రభుత్వమువారు కుమారుని విడుదల చేసిరి. లోకమునకు చాలకాలము మేనల్లుడని చెప్పబడినవాడు ఆ యుత్తరువులో ఆమె కుమారుడుగా పేర్కొనబడెనట.

యుద్ధకాలమున కొన్నేండ్లు కొడైకెనాలు కొండలలో గడపెను. వేర్వేరు ప్రాయముల పిల్లలు కలిసి ఆకులు, పురుగులు, రాళ్ళు సేకరించి తెచ్చుచు ప్రశ్నింపగా, ఆ ప్రశ్నలనుండియే పాఠములల్లుట అచ్చట వృద్ధియయ్యెను. పిల్ల అడుగక ముందే జవాబు చెప్పు మన యలవాటునకు ఇది సరిగా ఎదురు. మన దేశమున ఆమెవద్ద శిక్షణ పొందిన ఉపాధ్యాయులు వేయిమందికి పైబడిరి.

సాన్ లొరెంజో పిల్లలవంటివారు నేడు మన మూడు జిల్లాలలోను కలరు. తల్లులు ప్రత్తి యేరుటకును, మిరప కోతకును పోవుదురు. మానుకోట తండాలలో బిడ్డ లంబాడీ మాటతో పెరుగును. భూపాలపల్లి యడవులలో కొన్నియిండ్ల కోయమాట వినబడును. ఆ బిడ్డ తెలుగు అక్షరముల యెదుట మూగవాడగును. రంగురాళ్ళను వేరుచేయుటకును, నీటిలో ఏది తేలునో ఏది మునుగునో చూచుటకును ఏ భాషయు అడ్డురాదు. 1975 అక్టోబరు 2 వ తేదీన ప్రారంభమైన శిశు అభివృద్ధి పథకపు అంగన్‌వాడీలు ఈ బిడ్డలకు అన్నము పెట్టుచు ఆటపాటలు నేర్పుచున్నవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్లనుండి ఎనిమిదేండ్ల వరకు ఆటయు అన్వేషణయు చదువునకు ఆధారము కావలెనని చెప్పినది. ఐనను మూడేండ్ల బిడ్డ పలకనిండ అక్షరములు వ్రాసి చూపనిచో ఆ బడిలో చదువు లేదని తలిదండ్రులు బిడ్డను మాన్పించుట మేమెరుగుదుము. వారి కోరిక సాన్ లొరెంజో తల్లుల కోరికయే. దానిని మేము చులకన చేయము. ఆ తల్లులు కొన్నినెలలు ఓపికపట్టిరని మాత్రము వారికి గుర్తుచేయుదుము.

మాంటిసోరి 1946 లో ఐరోపాకు వెడలి, మరల 1947 లో మన దేశమునకు వచ్చి, 1949 వరకు పలుచోట్ల పాఠములు చెప్పెను. అహమ్మదాబాదు ప్రసంగములనుండి పుట్టిన గ్రంథము 1949 లో మదరాసునందు అచ్చయ్యెను. 1952 మే 6 వ తేదీన, ఎనుబది రెండవ యేట, హాలెండులో నూర్డ్‌విక్ అను సముద్రతీరపు టూరిలో కన్నుమూసెను. అచ్చటి కతోలిక శ్మశానవాటికలోనే ఆమె సమాధి గలదు. 1990 లో ఇటలీ దేశపు కేంద్రబ్యాంకు వేయి లీరాల నోటుపై ఒకవైపు ఆమె ముఖమును, రెండవవైపు చదువుకొనుచున్న పిల్లలను ముద్రించెను. ఆ నోట్లు చెల్లినన్నాళ్ళు సాన్ లొరెంజో కూలివారి చేతులలోను మెలగియుండును.