ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రేలో ఎలా తెలుస్తుంది? పేటెంట్ వద్దనుకున్న రాంట్‌జన్ కథ

రథసప్తమి రద్దీలో అరసవల్లి ఆలయం దగ్గర మీరు జారి, అరచేతి మీద పడ్డారనుకోండి. మణికట్టు వాచింది. నాటు కట్టు కట్టించుకోవాలా, శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రికి వెళ్లాలా? కట్టు సంగతి తర్వాత, ముందు ఎక్స్‌రే తీయించుకోండి. ఎందుకో ఆ కిరణాలను కనిపెట్టిన మనిషి కథలోనే ఉంది.

ఎవరీ రాంట్‌జన్?

విల్‌హెల్మ్ రాంట్‌జన్ 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్‌లో పుట్టారు. ఉపాధ్యాయుడి మీద వ్యంగ్య చిత్రం గీసిన తోటి విద్యార్థి పేరు చెప్పనందుకు ఆయన్ను బడి నుంచి పంపేశారు. స్కూలు సర్టిఫికెట్ లేకున్నా జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో సీటు దొరికింది. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, తర్వాత భౌతికశాస్త్ర ప్రొఫెసర్ అయ్యారు.

1895 నవంబర్ 8 సాయంత్రం. వుర్జ్‌బర్గ్‌లోని తన ల్యాబ్‌లో నల్లటి అట్టతో కప్పిన గాజు గొట్టంలోకి ఆయన కరెంటు పంపుతున్నారు. కాస్త దూరంలో ఉన్న, రసాయనం పూసిన తెర మెరిసింది. అట్టను దాటి వస్తున్న ఆ కిరణాలేమిటో తెలియక 'ఎక్స్' అని పేరు పెట్టారు. డిసెంబర్ 22న భార్య అన్నా బెర్తా చేతిని ఫొటో తీస్తే వేళ్ల ఎముకలు, ఉంగరం కనిపించాయి.

ఆయన పేటెంట్ తీసుకోలేదు. ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు. దాంతో 1896 ఫిబ్రవరి 3నే అమెరికాలోని డార్ట్‌మత్‌లో ఒక కుర్రాడి విరిగిన చేతికి ఎక్స్‌రే తీశారు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ ఆయనకే వచ్చింది. ఆ డబ్బునూ వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీకి ఇచ్చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ధరలు చుక్కలనంటడంతో దాచుకున్నదంతా కరిగిపోయింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో కన్నుమూశారు.

ఫిల్ములో డాక్టర్లు ఏం చూస్తారు?

కిరణాలను ఎముక చాలావరకు ఆపేస్తుంది కాబట్టి ఫిల్ములో తెల్లగా పడుతుంది. లోహం ఇంకా ఎక్కువ ఆపుతుంది. గాజులు, ఉంగరాలు తీయమనేది అందుకే.

• ఎముక అంచు గీత ఎక్కడైనా తెగిందా, మెట్టులా జరిగిందా అని చూస్తారు. కీలు తప్పితే రెండు ఎముకలు ఎదురెదురుగా ఉండవు.

• ఒకే కోణంలో విరుగుడు దాగిపోవచ్చు. అందుకే ఎదుటి నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీస్తారు. రెండో ఫిల్ము డబ్బు కోసం అనుకోకండి.

• పిల్లల ఎముక చివర్లో ఎదిగే చోటు నల్లటి గీతలా ఉంటుంది. అది విరుగుడు కాదు.

• లిగమెంటు తెగితే మామూలు ఎక్స్‌రేలో కనిపించదు.

• బొటనవేలి కింద మణికట్టులో ఉండే చిన్న ఎముక విరిగినా మొదటి రోజు ఫిల్ములో తెలియకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే 10 నుంచి 14 రోజుల్లో మళ్లీ చూపించుకోండి.

గర్భిణులైతే ఎక్స్‌రేకి ముందే ఆ విషయం చెప్పండి. ఎముక బయటికి వచ్చినా, వేళ్లు మొద్దుబారినా, చల్లబడినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.