రంగుల కుర్చీ చేసిన వడ్రంగి

హాలెండు దేశమందలి యుట్రెక్టు నగరమున 1888వ సంవత్సరమున గెరిట్ రీట్వెల్డు జన్మించెను. తండ్రి వడ్రంగి. గెరిట్ పసితనముననే బడి విడిచి, తండ్రి పనిశాలలో చిత్రిక పట్టుట, అతుకులు కూర్చుట నేర్చెను.

ఆ కాలమున ధనికులు నగిషీలు చెక్కిన బరువైన సామగ్రిని మెచ్చుచుండిరి. సామాన్యునకును అందునట్టి కుర్చీ కావలెనని రీట్వెల్డు తలచెను. 1917లో సొంత పనిశాల నెలకొల్పి, మరుసటి యేట, బజారులో దొరకు కొలతల కమ్మీలతోను, ప్లైవుడ్డు పలకలతోను ఒక కుర్చీని నిర్మించెను. పలుచని చెక్క పొరలను, వాని పోగులు ఒకదానికొకటి అడ్డముగా నుండునట్లు జిగురుతో అంటించినచో ప్లైవుడ్డు ఏర్పడును. అందుచేత అది సులభముగా చీలదు.

సుమారు 1923లో ఆయన ఆ కుర్చీకి రంగులు వేసెను. వీపు పలక ఎరుపు. కూర్చుండు పలక నీలము. కమ్మీలు నలుపు, వాని కొనలు పసుపు. నునుపైన రంగు చెక్క చారలను కప్పగా, చూపరుల దృష్టి ఆకారముపైననే నిలిచెను. అట్టి పనిలో నగిషీ చాటున లోపమును దాచ వీలులేదు; పలకను చక్కగా నునుపు చేయనిచో గీత ఒక్కటైనను రంగులో బయటపడును.

అయినను ఆ కుర్చీ కొద్దిమంది యిండ్లకే చేరెను. 1929 తరువాత ఆర్థిక మాంద్యము ప్రజలను పీడించెను. రీట్వెల్డు తన తలపును విడువక, 1934లో సరుకుల పెట్టెలకు వాడు చౌక చెక్కతో కుర్చీలు, బల్లలు రూపొందించెను. వాని భాగములను కొని, జనులు ఇంటివద్ద తామే బిగించుకొనిరి.

1964లో రీట్వెల్డు మరణించెను. యుట్రెక్టులో 1924లో ఆయన కట్టిన ఇల్లు 2000లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందెను. అంతటి కీర్తికి మూలము, చౌక చెక్కనైనను శ్రద్ధతో మలచిన ఆ వడ్రంగి చేతులే.