సరళ నిర్వచనాల అన్వేషి జూలియా రాబిన్సన్

కూడిక, గుణకారం. ఈ రెండింటి సాయంతో ఒక గణిత భావనను ఎంత సరళంగా నిర్వచించవచ్చు? ఈ ప్రశ్నను జీవితాంతం వెంటాడిన విదుషీమణి జూలియా రాబిన్సన్. ఆమె 1919 డిసెంబరు 8న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జన్మించారు. రెండేళ్ల వయసులోనే తల్లిని కోల్పోయారు. తొమ్మిదో ఏట సోకిన స్కార్లెట్ జ్వరం, దాని వెంట వచ్చిన రుమాటిక్ జ్వరం ఆమె గుండెను శాశ్వతంగా బలహీనపరిచాయి. రెండేళ్లకు పైగా బడికి దూరమైనా, నాలుగు తరగతుల పాఠాలను ఒకే ఏడాదిలో ఇంటివద్ద పూర్తిచేశారు.

బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివిన ఆమె, 1941లో అక్కడి గణితాచార్యుడు రాఫెల్ రాబిన్సన్‌ను వివాహమాడారు. దంపతులిద్దరూ ఒకే శాఖలో పనిచేయరాదన్న నిబంధన కారణంగా గణిత శాఖలో ఆమెకు ఉద్యోగం దక్కలేదు. అయినా ఆల్‌ఫ్రెడ్ టార్‌స్కీ పర్యవేక్షణలో పరిశోధన సాగించి, 1948లో డాక్టరేట్ పొందారు.

ఆ పరిశోధన స్వభావాన్ని ఒక ఉదాహరణ తెలుపుతుంది. పూర్ణసంఖ్యల్లో రుణసంఖ్య కానిది ఏది? నాలుగు వర్గాల మొత్తంగా రాయదగినదే అని చెబితే చాలు. 7 అంటే 4, 1, 1, 1ల మొత్తం. 1770లో లగ్రాంజ్ నిరూపించిన సిద్ధాంతం ఇందుకు ఆధారం. అయితే భిన్నాలు కూడా కలిసిన అకరణీయ సంఖ్యల నుంచి పూర్ణసంఖ్యలను కూడిక, గుణకారాలతోనే వేరుచేయడం ఎంతో కఠినం. అది సాధ్యమేనని జూలియా నిరూపించారు. పూర్ణసంఖ్యల గురించిన ప్రతి వాక్యపు సత్యాసత్యాలను తేల్చే యాంత్రిక పద్ధతి లేదని అప్పటికే రుజువైంది. అకరణీయ సంఖ్యలకూ అటువంటి పద్ధతి లేదని ఆమె నిర్వచనంతో స్పష్టమైంది.

1900లో హిల్బర్ట్ ప్రకటించిన పదో సమస్య ఆమెను మరింత ఆకర్షించింది. ఒక బహుపది సమీకరణానికి పూర్ణసంఖ్యల్లో సాధన ఉందో లేదో చెప్పే పద్ధతిని కనుగొనడమే ఆ సమస్య. ఘాతాలను సైతం అటువంటి సమీకరణంతో నిర్వచించగలిగితే, ఆ పద్ధతి అసాధ్యమని తేలుతుంది. మార్టిన్ డేవిస్, హిల్లరీ పట్నమ్‌లతో కలిసి 1961లో ఆమె ఈ విషయాన్ని నిరూపించారు. గుండెకు శస్త్రచికిత్స జరిగిందీ ఆ ఏడాదే. మిగిలిన చివరి మెట్టును 1970లో లెనిన్‌గ్రాడ్‌కు చెందిన 22 ఏళ్ల యూరీ మతియాసెవిచ్ ఫిబొనాచ్చి సంఖ్యల సాయంతో దాటారు. మన ఛందశ్శాస్త్రంలో మాత్రల లెక్క కోసం విరహాంకుడు శతాబ్దాల ముందే వివరించిన సంఖ్యలివి. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లోనే వీరిద్దరూ కలిసి పరిశోధించి, ఇటువంటి సమీకరణాలకు 13 అజ్ఞాత రాశులు చాలునని 1975లో చూపారు.

అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికైన తొలి మహిళా గణితవేత్త ఆమె. ఆ గౌరవం లభించిన తరువాతే, 1976లో, బర్క్లీ ఆమెకు ఆచార్య పదవినిచ్చింది. 1983లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీకి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1985 జులై 30న రక్త క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆమె నిర్వచనాన్ని మరింత సరళం చేసే కృషి ఆగలేదు. 2009లో బ్యోర్న్ పూనెన్, 2016లో యోఖెన్ కోనిగ్స్‌మన్ మరింత సరళమైన నిర్వచనాలను ప్రచురించారు. ఫలానా సంఖ్యలు ఉన్నాయి అని మాత్రమే చెప్పి పూర్ణసంఖ్యలను గుర్తించే నిర్వచనం ఇంకా లభించలేదు. అది లభించిన నాడు, అకరణీయ సంఖ్యల విషయంలోనూ హిల్బర్ట్ కోరిన పద్ధతి అసాధ్యమని రుజువవుతుంది.