తీసేసిన పాఠాలు తిరిగి తెచ్చిన స్కౌట్

సిలబస్ మారిందంటే కొత్తగా ఏం చేర్చారని చూస్తాం. ఏం తీసేశారో పెద్దగా పట్టించుకోం. విలియం హిల్‌కోర్ట్ పట్టించుకున్నారు.

ఆయన 1900లో డెన్మార్క్‌లో పుట్టారు. చదివింది ఫార్మసీ, మనసంతా చిన్నప్పటి నుంచీ స్కౌటింగ్ మీదే. 1926లో అమెరికా వెళ్లి అక్కడి బాయ్ స్కౌట్స్ సంస్థలో చేరారు. 1959 నాటి వాళ్ల హ్యాండ్‌బుక్ రాసింది ఆయనే. 1965లో రిటైరయ్యారు.

1972లో సంస్థ ఆ హ్యాండ్‌బుక్‌ను కొత్త తరం కోసమని మార్చింది. నగరాల్లో పెరిగే పిల్లలకు అడవి విద్యలు ఎందుకనుకున్నారు. క్యాంపింగ్, మంట రాజేయడం, మ్యాపు, కంపాస్‌లతో దారి వెతుక్కోవడం లాంటివి చాలావరకు తగ్గించేశారు. ఉద్దేశం మంచిదే. కానీ పిల్లలు స్కౌటింగ్‌కి వచ్చేదే వాటి కోసం కదా! ఒక్క కారణమే కాకపోవచ్చు గానీ, సభ్యుల సంఖ్య బాగా పడిపోయింది.

అప్పటికి డెబ్బై ఐదు దాటిన హిల్‌కోర్ట్, కొత్త పుస్తకం తానే రాస్తానని ముందుకొచ్చారు. ఏడాది పాటు రాశారు, డబ్బు తీసుకోలేదు. 1979లో వచ్చిన ఆ పుస్తకంలో గుడారాలు, ముడులు, కాలిబాటలు మళ్లీ కనిపించాయి.

1992లో, తొంభై రెండేళ్ల వయసులో, స్టాక్‌హోమ్‌లో కన్నుమూశారు. అప్పుడు కూడా స్కౌటింగ్ పర్యటనలోనే ఉన్నారు.