గెలీలియో: నిర్బంధమున పూర్తియైన గణితము

మాచర్ల సమీపమున నున్న యెత్తిపోతల జలపాతము వెల్దుర్తివాసులకు క్రొత్తది కాదు. చంద్రవంక నీరు అచట సుమారు 70 అడుగుల యెత్తునుండి పడుచున్నది. అంచున మెల్లగా జారిన నీరే అడుగునకు వచ్చుసరికి ఘోషించుచు బండలపై విరుచుకొనిపడును. పడు వస్తువు వేగము అంతకంతకు పెరుగుటయే యిందుకు కారణము. ఈ పెరుగుదలకు లెక్క కట్టిన మహనీయుడు ఇటలీ దేశీయుడగు గెలీలియో.

ఆయన 1564లో పీసా నగరమున జన్మించెను. వైద్యవిద్యలో ప్రవేశించి, పట్టము పొందకయే విడిచి, గణితము నాశ్రయించెను. బరువును బట్టియే వస్తువు వేగముగా పడునన్న అరిస్టాటిల్ మతము నాటి విద్యాలయములలో ప్రమాణమై యుండెను. గెలీలియో దానిని పరీక్షకు పెట్టెను.

నిలువుగా పడు వస్తువు కంటికి చిక్కదు. కావున దూలమున గాడి తీయించి, కొంచెము వాలుగా నిలిపి, అందు కంచుగుండును దొర్లించెను. సన్నని ధారగా కారిన నీటిని తూచి కాలమును కొలిచెను. గుండు మొదటి గడువున ఒక మూర నడచినచో, అంతే కాలముగల రెండవ గడువున మూడు, మూడవ గడువున ఐదు మూరలు నడచును. అనగా సమానకాలములలో వేగము సమానముగా పెరుగుచున్నది. తుదివేగమునుండి తొలివేగమును తీసివేసి, భేదమును కాలముచే భాగింపగా వచ్చునదే త్వరణము. గాలి యడ్డును లెక్కింపనిచో, పడు వస్తువు వేగము ప్రతి సెకనునకు సుమారు 32 అడుగుల చొప్పున హెచ్చును. ఎత్తిపోతల నీరు మొదటి సెకనులో 16 అడుగులు, రెండవ సెకనులో 48 అడుగులు దిగు ననుట యీ లెక్కయే.

భూమి సూర్యుని చుట్టును తిరుగుచున్నదని వాదించినందుకు 1633లో రోము మతన్యాయస్థానము ఆయనను మోకరిల్లజేసి, ఆ మతమును త్యజింపజేసి, ఆజీవనిర్బంధము విధించెను. ఆయన గ్రంథముల ముద్రణమును నిషేధించెను. డెబ్బదియేండ్లు దాటినను, చూపు క్షీణించుచున్నను, ఆయన నిర్బంధమందే చలనశాస్త్రమును రచించెను. ఆ వ్రాతప్రతి దేశపు టెల్లలు దాటి, 1638లో హాలండునందలి లైడెనున అచ్చుపడెను. 1642లో ఆయన బందీగనే కన్నుమూసెను. నాటి మతపండితులు పొరబడిరని పోపు రెండవ జాన్ పాల్ అంగీకరించుట 1992లో గాని జరుగలేదు.

మన బాలురు ఈ త్వరణసూత్రమును వల్లెవేయుచున్నారు. వారికొక వాలుబల్లయు, గోళియు, చెంబెడు నీరును ఇచ్చి స్వయముగా కొలువుమనుట పెద్దల విధియని మేము తలంచుచున్నాము. గురువు చెప్పెనని మాత్రమే నమ్మినది, సత్యమైనను, పరులసొత్తే.